సాంఘికశాస్త్రం నోట్సు: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో చాలా ఏళ్లుగా సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. ఉన్నత పాఠశాల పిల్లల నోట్సులతో పాటు, గ్రూప్స్ పరీక్షల కోసం ములుగు, జగిత్యాల, మంచిర్యాల వైపు నుంచి వచ్చి ఇక్కడ గదులు అద్దెకు తీసుకొని చదువుకునే యువతీయువకుల నోట్సులు కూడా ఎన్నో దిద్దాను. వాటి వెనుక ఉన్న శ్రమను చూస్తే గౌరవం కలుగుతుంది. ఆ శ్రమలో పెద్ద భాగం కొన్ని పాతుకుపోయిన అపోహల వల్ల ఫలితమివ్వకుండా పోతున్నదన్న బాధ కూడా కలుగుతుంది. ఒక విషయం ఇక్కడే ఎందుకుంది, ఒక సంఘటన అప్పుడే ఎందుకు జరిగింది అన్న ప్రశ్నలకు విద్యార్థి తన మాటల్లో రాసుకున్న జవాబునే నేను నోట్సు అంటాను. ఆ జవాబు లేని పేజీలు ఎన్ని వందలున్నా పరీక్ష హాలులో అక్కరకు రావు.

అపోహ: నోట్సు ఎంత లావుగా ఉంటే అంత మంచిది, ఎవరో రాసినది జిరాక్స్ తీయించుకున్నా సరిపోతుంది.

వాస్తవం: కాకతీయుల నీటిపారుదల గురించి నేను చూసిన చాలా నోట్సుల్లో "పాకాల, రామప్ప, లక్నవరం, ఘనపురం" అన్న నాలుగు చెరువుల పేర్లు, వాటి కింద రంగు గీతలు మాత్రమే ఉంటాయి. కాకతీయులు చెరువులనే ఎందుకు నమ్ముకున్నారని అడిగితే ఆ పేజీ దగ్గర జవాబు దొరకదు. జవాబు భూగోళంలో ఉంది. ఓరుగల్లు చుట్టుపక్కల నేల కింద ఉన్నది గట్టి గ్రానైటు, నైస్ శిలలు. వాటిలో పగుళ్లున్న చోట తప్ప నీరు నిలవదు. పైన ఎక్కువగా తొందరగా ఆరిపోయే ఎర్రని చల్కా నేలలు. ఏడాది వానలో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు నాలుగు నెలల్లోనే కురుస్తుంది. అయితే ఇక్కడి నేల ఎత్తుపల్లాలుగా ఉంటుంది కనుక రెండు గుట్టల మధ్య కట్ట పోస్తే చెరువు తయారవుతుంది, పై చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువుకు చేరుతుంది. గొలుసుకట్టు చెరువులు అన్న మాటకు అర్థం ఇదే. ఈ ఆరేడు వాక్యాలు సొంతంగా రాసుకున్న విద్యార్థికి నాలుగు పేర్లూ వాటంతట అవే గుర్తుంటాయి. వేరొకరి నోట్సు జిరాక్స్ తెచ్చుకున్నవారికి ఆ వాక్యాలు కూడా మరో జాబితాగానే కనిపిస్తాయి, ఎందుకంటే వాటిని కూర్చే పని వేరొకరి మనసులో జరిగింది.

అపోహ: భూగోళశాస్త్రాన్ని బట్టీ పట్టవలసిందే. (దీనికి తోడు: వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది, జూన్ 21న సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన ఉంటాడు.)

వాస్తవం: ఈ రెండు పొరపాట్లూ డిగ్రీ పూర్తి చేసినవారి నోట్సుల్లో కూడా కనిపిస్తాయి. భూమి సూర్యుడికి అతి దగ్గరగా, అంటే దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చేది జనవరి మొదటి వారంలో, మనం చలికి దుప్పటి కప్పుకునే రోజుల్లో. దాదాపు 15.2 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేది జూలై మొదటి వారంలో. రుతువులకు కారణం దూరం కాదు, భూమి అక్షం వాలుగా ఉండడం.

రెండో పొరపాటును సరిదిద్దడానికి నేను పుస్తకం తెరవను. మే నెలలో ఒక మూర పొడవున్న కర్రను వాకిట్లో నిటారుగా పాతి, మధ్యాహ్నం పన్నెండు గంటల నుంచి అరగంట సేపు దాని నీడను గమనించమంటాను. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కర్కటరేఖ మనకు ఉత్తరాన చాలా దూరంలో, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ వంటి రాష్ట్రాల మీదుగా పోతుంది. కాబట్టి ఉత్తరానికి జరుగుతున్న సూర్యుడు మే రెండో వారంలోనే మన నడినెత్తికి వస్తాడు, ఆనాడు ఆ కర్రకు నీడ కాసేపు మాయమవుతుంది. తరువాత సూర్యుడు మనల్ని దాటి ఇంకా ఉత్తరానికి వెళ్తాడు కనుక జూన్ 21న మధ్యాహ్నపు నీడ కొద్దిగా దక్షిణం వైపు పడుతుంది. తిరుగు ప్రయాణంలో జూలై ముగిసే రోజుల్లో సూర్యుడు మరోసారి నడినెత్తికి వస్తాడు. అప్పుడు మే నెల ఎండ ఎందుకు లేదని పిల్లలు తప్పక అడుగుతారు. ఆ వేళకు నైరుతి రుతుపవనాల మబ్బులు కమ్మి ఉంటాయని, నేల తడిసి ఉంటుందని జవాబు చెప్పగానే, రుతుపవనాల పాఠానికి తలుపు తెరుచుకుంటుంది. నీడ మాయమయ్యేది గడియారంలో సరిగ్గా పన్నెండుకు కాదు, కొన్ని నిమిషాల తరువాత. మన ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానికి వరంగల్ పడమటన ఉండడం ఇందుకు ముఖ్య కారణం. కర్రను చూసి నాలుగు గీతలతో బొమ్మ వేసుకున్న అమ్మాయి అక్షాంశాల పాఠాన్ని మరచిపోవడం నేను చూడలేదు.

అపోహ: చరిత్ర అంటే తేదీలు.

వాస్తవం: తేదీలు అక్కరలేదని చెప్పేవారితో కూడా నేను ఏకీభవించను. తేదీ లేకపోతే ఏది ముందు, ఏది వెనుక అన్నది తెలియదు, అది తెలియనిదే కారణం అందదు. అయితే తేదీ చుట్టూ ఏం జరిగిందో రాయకుండా తేదీని ఒంటరిగా రాసుకోవడం తప్పు దారి పట్టిస్తుంది. 1948 సెప్టెంబరు 17 మనకు తెలిసిన తేదీ. 13న మొదలైన సైనిక చర్య ఆనాడు నిజాం లొంగుబాటుతో ముగిసింది. ఆ ఒక్క తేదీని మాత్రమే రాసుకున్న విద్యార్థులు నిజాం పాత్ర ఆనాటితో పూర్తిగా అంతమైందని అనుకుంటారు. నిజానికి తరువాత సైనిక గవర్నరుగా జె.ఎన్. చౌధురి పాలన సాగింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చినప్పుడు నిజామే హైదరాబాదు రాష్ట్రానికి రాజ్‌ప్రముఖ్ (గవర్నరు వంటి పదవి) అయ్యాడు. 1952 ఎన్నికల తరువాత బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడే దాకా రాజ్‌ప్రముఖ్ పదవి కొనసాగింది. ఒక గీత గీసి ఈ తేదీలను వరుసగా గుర్తిస్తే, అధికారం ఒక్క రోజులో కాక అంచెలంచెలుగా చేతులు మారిందని కంటికి కనిపిస్తుంది.

ఇదే కోవలో మరొకటి ఉంది: సమకాలికుడు రాసినదంతా నిజమని నమ్మడం. పదమూడో శతాబ్దపు యాత్రికుడు మార్కోపోలో కాకతీయుల రేవు మోటుపల్లి ప్రాంతం గురించి రాస్తూ, అక్కడ రాజ్యమేలిన రాణిని చనిపోయిన రాజు భార్యగా పేర్కొన్నాడు. ఆమె పాలనను మెచ్చుకున్నాడు కూడా. ఆ మెచ్చుకోలును ఉంచుకోవచ్చు గాని, బంధుత్వం విషయంలో అతను పొరబడ్డాడు. ఆ రాణి రుద్రమదేవి, కాకతీయ రాజు గణపతిదేవుడి కుమార్తె. శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజు అని మగ పేరుతో కూడా పిలిచారు కనుక దూరదేశపు బాటసారి తికమకపడడంలో ఆశ్చర్యం లేదు. అందుకే యాత్రికుల రాతలను శాసనాలతో సరిచూడమంటాను. కాకతీయుల వంశక్రమం చెప్పే ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి మహబూబాబాద్ జిల్లా బయ్యారంలోని చెరువు శాసనం, దానిని వేయించినది గణపతిదేవుడి సోదరి మైలాంబ. చెరువు కట్ట మీది రాయి రాజవంశపు చరిత్రను నిలబెట్టిందని తెలిసిన పిల్లలు తమ ఊరి రాళ్లను వేరే చూపుతో చూస్తారు.

అపోహ: ప్రపంచ వ్యవహారాలంటే రోజూ పేపరులో వచ్చిన బిట్లు.

వాస్తవం: ఉత్తర తెలంగాణ విద్యార్థికి ప్రపంచ వ్యవహారాలు ఇంట్లోనే ఉన్నాయి. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయిని మీ నాన్న ఎక్కడ పని చేస్తారని అడిగితే "మా బాపు దుబాయిల ఉంటడు సార్" అన్నాడు. ఏ ఊళ్లో అని మళ్లీ అడిగితే మస్కట్ అన్నాడు. మస్కట్ ఒమన్ దేశపు రాజధాని. దుబాయి అసలు దేశమే కాదు; 1971 డిసెంబరు 2న ఏర్పడిన యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని ఏడు ఎమిరేట్లలో ఒకటి, ఆ దేశ రాజధాని అబుదాబి. మన పల్లెల్లో గల్ఫ్ అంతటికీ దుబాయి అన్న పేరే స్థిరపడింది కాబట్టి తప్పు ఆ అబ్బాయిది కాదు. ఆ రోజు పాఠమంతా వాళ్ల బాపు ఫోను కాల్ మీదనే నడిపాను. ఇక్కడ రాత్రి ఏడున్నర అయినప్పుడు అక్కడ ఆరు గంటలు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. తొంభై నిమిషాల తేడా అంటే 22½ డిగ్రీలు. మన 82½ నుంచి తీసేస్తే 60. ఒమన్ ప్రామాణిక కాలం 60 డిగ్రీల తూర్పు రేఖాంశానిదేనని ఆ అబ్బాయే లెక్క కట్టి చెప్పాడు.

ఆ తరువాత పటం మీద హార్ముజ్ జలసంధిని చూపించాను. ఉత్తరాన ఇరాన్, దక్షిణాన ఒమన్‌కు చెందిన ముసందం ద్వీపకల్పం. కువైట్, ఖతార్, బహ్రెయిన్ దేశాల ఓడలు బయటి సముద్రానికి రావాలంటే ఈ ఇరుకు దారి తప్ప వేరే సముద్రమార్గం లేదు. సౌదీ అరేబియాకు ఎర్రసముద్రం ఉంది, ఒమన్ ముఖ్య రేవులు ఈ జలసంధికి బయటే ఉన్నాయి. ఈ ఒక్క పటం గుర్తుంటే అక్కడ ఉద్రిక్తత తలెత్తినప్పుడు చమురు ధర ఎందుకు పెరుగుతుందో ఏ బిట్ బ్యాంకూ చెప్పనవసరం లేదు. చరిత్ర కూడా అదే పేజీలోకి వస్తుంది: గల్ఫ్‌లో ఒకప్పుడు రూపాయి చెల్లుబాటయ్యేది, 1959లో ఆ ప్రాంతం కోసమే భారతీయ రిజర్వు బ్యాంకు ప్రత్యేక నోట్లు విడుదల చేసింది, కువైట్ 1961లో సొంత దీనారుకు మారింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడి నుంచి సుమారు 1.7 లక్షల మంది భారతీయులను జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాల్లో తీసుకొచ్చారు.

సంస్థల పేర్ల విషయంలో ఒక్క జాగ్రత్త చెబుతాను. అంతర్జాతీయ న్యాయస్థానం, అంతర్జాతీయ నేర న్యాయస్థానం రెండూ ది హేగ్ నగరంలోనే ఉన్నాయి గాని ఒకటి కావు. మొదటిది ఐక్యరాజ్యసమితి అంగం, దేశాల మధ్య వివాదాలను విచారిస్తుంది. రెండోది 1998 నాటి రోమ్ ఒప్పందంతో రూపుదిద్దుకొని 2002లో మొదలైన వేరే సంస్థ, వ్యక్తులను విచారిస్తుంది. భారత్ అందులో సభ్యదేశం కాదు.

అపోహ: ఒకసారి రాసిన నోట్సు ఎప్పటికీ పనికొస్తుంది.

వాస్తవం: రామప్ప ఆలయాన్ని 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడన్న వాక్యం మారదు. అది ఏ జిల్లాలో ఉందన్న వాక్యం మాత్రం కొద్ది ఏళ్లలోనే రెండుసార్లు మారింది. 2016 అక్టోబరు దాకా ఆ ఆలయమున్న పాలంపేట వరంగల్ జిల్లాలో ఉండేది, తరువాత జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వెళ్లింది, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లాలో ఉంది. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చాక ఆ ప్రశ్న పరీక్షల్లో తరచుగా కనిపించడం మొదలైంది, పాత నోట్సు నమ్ముకున్న కొందరు "భూపాలపల్లి" అని గుర్తించి వచ్చి నా దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నారు. అప్పటి నుంచి మా తరగతిలో ఒక పద్ధతి పాటిస్తున్నాం. మారని విషయాన్ని పెన్నుతో, జిల్లాలు, పదవులు, సభ్యదేశాల సంఖ్య వంటి మారే విషయాలను పెన్సిలుతో రాసి, పక్కన మార్జిన్‌లో రాసిన నెల, ఏడాది వేస్తాం. పరీక్షకు నెల ముందు పెన్సిలు రాతలను మాత్రమే మళ్లీ సరిచూసుకుంటే చాలు, రెండు సాయంత్రాల్లో ఆ పని పూర్తవుతుంది.