పరీక్ష కోసమే శుభ్రపడే ఇంజిన్లు: డీజిల్ మోసానికి యాభై ఏళ్ల నేపథ్యం

అమెరికాలో 2012 ప్రాంతంలో కొన్ని ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లకు ఒక సమస్య మొదలైంది. పొగగొట్టం వైపు ఉండే భాగాలు ఉండాల్సినంత కాలం ఉండకుండా పాడైపోతున్నాయి. ఇంజినీర్లు ఆరా తీసి ఒక అనుమానానికి వచ్చారు. రోడ్డు మీద తిరుగుతున్నప్పుడు కూడా కారు తాను కాలుష్య పరీక్షలోనే ఉన్నాననుకుంటోంది, శుద్ధి వ్యవస్థను పూర్తిగా నడుపుతోంది, ఆ భారానికి భాగాలు దెబ్బతింటున్నాయి. దానికి వాళ్లు కనిపెట్టిన విరుగుడు ఇదీ: ల్యాబ్‌కూ రోడ్డుకూ తేడాను కారు మరింత గట్టిగా పసిగట్టేలా చేయడం. స్టీరింగ్ తిరుగుతోందంటే రోడ్డు, తిరగడం లేదంటే ల్యాబ్. 2014 నుంచి ఈ మార్పును కొత్త కార్లలోనే కాదు, సర్వీసింగ్‌కు వచ్చిన పాత కార్లలోనూ ఎక్కించారు. దీనివల్ల కారు మెరుగవుతుందని యజమానులకు చెప్పారు.

ఇది ఎవరో చేసిన ఆరోపణ కాదు. 2017లో అమెరికా న్యాయశాఖ ముందు ఫోక్స్‌వ్యాగన్ స్వయంగా ఒప్పుకున్న వాస్తవాల పత్రంలో ఉన్న సంగతి. తొందరపాటులో జరిగిన తప్పును ఎవరూ ఇలా ఏళ్ల తరబడి సాకరు. మోసంలో లోపం బయటపడితే మోసాన్ని ఆపకుండా లోపాన్ని సరిచేసిన సంస్థ అది. అంత ధీమా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే మోసం బయటపడిన 2015 కంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ముందుగా ఇంజిన్ సంగతి. డీజిల్ ఇంజిన్‌లో గాలి ఎక్కువ, పీడనం ఎక్కువ, మంట వేడీ ఎక్కువే. అందుకే అదే దూరానికి పెట్రోలు కంటే తక్కువ ఇంధనం తాగుతుంది, కార్బన్ డయాక్సైడ్ తక్కువ వదులుతుంది. అదే వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. ఊపిరితిత్తులకు నేరుగా హాని చేసేవి ఇవే. ఓజోన్‌కూ, సూక్ష్మ ధూళికణాలకూ ముడిసరుకు కూడా ఇవే. వీటిని తగ్గించే మార్గాలు లేకపోలేదు. కాలిన వాయువులో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపొచ్చు, కానీ మసి పెరుగుతుంది. ఆక్సైడ్లను ఒక పాత్రలో పట్టి ఉంచి అప్పుడప్పుడు నైట్రోజన్‌గా మార్చేయొచ్చు, కానీ దానికి అదనపు ఇంధనం కావాలి. యూరియా ద్రావణం చల్లి వాటిని విడగొట్టొచ్చు, ఇది బాగా పనిచేసే పద్ధతి. కానీ దానికో ట్యాంకు కావాలి, ఆ ట్యాంకు నింపుతూ ఉండాలి, ఖర్చు పెరుగుతుంది. శుభ్రమైన డీజిల్ అసాధ్యమేమీ కాదు. దానికి డబ్బు, చోటు, మైలేజీ వదులుకోవాలి, అంతే.

వదులుకోకుండా పరీక్ష దాటాలన్న ఆలోచన వాయు కాలుష్య నిబంధనలంత పాతది. అమెరికాలో 1970లో స్వచ్ఛ వాయు చట్టం పదునెక్కింది. 1973 మోడల్ కార్లలో ఉష్ణోగ్రతను బట్టి కాలుష్య నియంత్రణను ఆపేసే స్విచ్‌ల సంగతి చెప్పకుండా దాచినందుకు 1974లో ఒక కంపెనీ 1.2 లక్షల డాలర్లు కట్టి బయటపడింది. ఆ కంపెనీ ఫోక్స్‌వ్యాగన్. 1995లో జనరల్ మోటార్స్ వంతు వచ్చింది. ఏసీ వేయగానే ఇంజిన్‌కు ఇంధనం ఎక్కువ పోయేలా చేసిన చిప్ సుమారు 4.7 లక్షల క్యాడిలాక్ కార్లలో ఉంది. అప్పటి పరీక్షను ఏసీ ఆపి చేసేవారు. ఆ కేసు సుమారు 4.5 కోట్ల డాలర్లతో ముగిసింది.

అసలు హెచ్చరిక 1998లో వచ్చింది. క్యాటర్‌పిల్లర్, కమిన్స్, డెట్రాయిట్ డీజిల్, మ్యాక్, నావిస్టార్, రెనో, వోల్వో అనే ఏడు సంస్థలు పెద్ద ట్రక్కులకు అమ్మిన సుమారు 13 లక్షల డీజిల్ ఇంజిన్లలో ఒకే రకం కిటుకు ఉన్నట్టు తేలింది. పరీక్షలో నిబంధనల ప్రకారం నడిచే ఇంజిన్, హైవే మీద స్థిరమైన వేగం అందుకోగానే మైలేజీ కోసం ఇంధనం చల్లే సమయాన్ని మార్చుకునేది. దాంతో నైట్రోజన్ ఆక్సైడ్లు హద్దులు దాటేవి. ఈపీఏగా పిలిచే అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ వంద కోట్ల డాలర్ల రాజీ కుదిరిందని ప్రకటించింది. అందులో జరిమానా 8.34 కోట్లే. మిగతాదంతా మెరుగైన ఇంజిన్ల తయారీ లాంటి వాటికి కంపెనీలే పెట్టాల్సిన ఖర్చు. అది సివిల్ రాజీ, ఎవరూ నేరం ఒప్పుకోలేదు. ఈ మొత్తం వ్యవహారంలో ఒక పాఠం అక్కడే పోయిందని నా అభిప్రాయం. కంప్యూటర్‌తో నడిచే ఇంజిన్ ల్యాబ్‌లో ఒకలా, రోడ్డు మీద ఇంకోలా ఉండగలదని 1998లోనే రుజువైంది. ట్రక్కుల తనిఖీ మారింది కానీ, కార్లను మాత్రం మరో పదిహేడేళ్లు ప్రధానంగా ల్యాబ్ ఫలితాలను నమ్మే రోడ్ల మీదికి వదిలారు.

అదే ఏడాది ఐరోపాలో డీజిల్‌కు తలుపులు బార్లా తెరుచుకున్నాయి. వాతావరణ మార్పుపై కుదిరిన క్యోటో ఒప్పందం తర్వాత కార్బన్ డయాక్సైడ్ తగ్గిస్తామని కార్ల కంపెనీల సంఘం ఐరోపా యూనియన్ పాలనా విభాగమైన ఐరోపా కమిషన్‌కు స్వచ్ఛందంగా మాటిచ్చింది. చాలా దేశాలు అప్పటికే డీజిల్‌పై పన్ను తక్కువగా ఉంచాయి. 1990ల మధ్యలో కొత్త కార్లలో నాలుగో వంతు కూడా లేని డీజిల్ వాటా 2011 నాటికి సగం దాటింది. వాతావరణం కోసం వేసిన అడుగే నగరాల గాలిని పాడుచేసింది.

అక్కడి పరీక్ష సంగతి చెప్పకుండా ముందుకు పోలేం. కారును ల్యాబ్‌లో రోలర్ల మీద నిలబెట్టి, ముందే రాసిపెట్టిన వేగాల ప్రకారం సుమారు ఇరవై నిమిషాలు, పదకొండు కిలోమీటర్లు నడిపేవారు. ఎప్పుడు వేగం పెంచాలో, ఎప్పుడు ఆపాలో సెకన్లతో సహా అందరికీ తెలిసేది. ప్రశ్నపత్రం ముందే చేతికిచ్చి పెట్టే పరీక్ష అది. కారు ఎంతసేపట్లో ఎంత దూరం పోయిందో లెక్క చూసుకుంటే చాలు, సాఫ్ట్‌వేర్‌కు తాను ఎక్కడ ఉందో అర్థమైపోయేది. పైగా ఆమోదం ఏ సభ్యదేశంలో తీసుకోవాలో కంపెనీ ఇష్టం. నియంత్రణను ఆపేసే సాఫ్ట్‌వేర్‌ను 2007 ఐరోపా నిబంధన నిషేధించింది కానీ, ఇంజిన్ రక్షణకు అవసరమైతే ఫర్వాలేదన్న మినహాయింపూ ఇచ్చింది. ఆ కిటికీలోంచి తర్వాత ఎన్ని కంపెనీలు దూరాయో చెప్పనక్కర్లేదు. రోడ్డు మీద డీజిల్ కార్లు ల్యాబ్ లెక్కలకంటే చాలా ఎక్కువ ఆక్సైడ్లు వదులుతున్నాయని ఐరోపా కమిషన్ సొంత పరిశోధన కేంద్రమే 2011లో కొలిచి చెప్పింది. ఏళ్లపాటు ఎవరూ కదల్లేదు.

ఫోక్స్‌వ్యాగన్ కథ మలుపు తిరిగింది 2006లో. టొయోటాను దాటి ప్రపంచంలో మొదటి స్థానానికి చేరాలంటే అమెరికాలో అమ్మకాలు పెరగాలి. అక్కడ నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోమీటరుకు సుమారు 43 మిల్లీగ్రాములు. ఐరోపాలో అప్పుడు రాబోతున్న యూరో 5 పరిమితి 180. ఆ ఖర్చులో, ఆ గడువులో, కొనేవాళ్లకు నచ్చేలా ఇంజిన్ కుదరదని ఇంజినీర్లకు తెలిసింది. కుదరదని పైవాళ్లకు చెప్పడానికి బదులు మోసపు సాఫ్ట్‌వేర్ రాశారు. ఆ ఇంజిన్‌తో 'క్లీన్ డీజిల్' పేరున ప్రచారం హోరెత్తింది. ఆ కంపెనీ జెట్టా మోడల్ డీజిల్ కారుకు పర్యావరణహిత కారుగా అవార్డు కూడా వచ్చింది, 2015లో దాన్ని వెనక్కి తీసుకున్నారు.

దొంగను పట్టుకున్నది పోలీసులు కాదు, మెచ్చుకోవడానికి వచ్చినవాళ్లు. స్వచ్ఛ రవాణాపై పనిచేసే ఐసీసీటీ అనే పరిశోధన సంస్థ, అమెరికాలో డీజిల్ కార్లు శుభ్రంగా ఉన్నాయని చూపించి ఐరోపాను సిగ్గుపడేలా చేద్దామనుకుంది. ఆ పనిని వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలోని చిన్న బృందానికి అప్పగించింది. 2013లో ఆ బృందం ఫోక్స్‌వ్యాగన్ జెట్టా, పసాట్, బీఎండబ్ల్యూ ఎక్స్5 కార్ల డిక్కీలో కొలత పరికరాలు, వాటికి కరెంటిచ్చే జనరేటర్ సర్ది కాలిఫోర్నియా రోడ్లెక్కింది. పసాట్‌ను లాస్ ఏంజెలెస్ నుంచి సియాటిల్ దాకా నడిపి తెచ్చారు. జెట్టా పరిమితికి 15 నుంచి 35 రెట్లు, పసాట్ 5 నుంచి 20 రెట్లు వదిలాయి. అవే రెండు కార్లు కాలిఫోర్నియాలో వాయు కాలుష్యాన్ని నియంత్రించే వాయు వనరుల మండలి ల్యాబ్‌లో చక్కగా పాసయ్యాయి. బీఎండబ్ల్యూ మాత్రం రోడ్డు మీదా చాలావరకు హద్దుల్లోనే ఉంది. నిబంధనలు పాటించడం సాధ్యమేనని దాంతో తేలిపోయింది.

ఈ ఫలితాలు 2014 మేలో బయటికొచ్చాయి. అక్కడి నుంచి పదహారు నెలలు ఫోక్స్‌వ్యాగన్ సాకులు చెప్పింది, సాంకేతిక లోపమంది, డిసెంబరులో సుమారు 5 లక్షల కార్లను వెనక్కి పిలిచి సాఫ్ట్‌వేర్ మార్చింది. 2015 మేలో మండలి మళ్లీ కొలిస్తే పెద్దగా తేడా లేదు. అధికారులు సరైన జవాబు వచ్చేదాకా 2016 మోడళ్లకు అనుమతి ఇచ్చేది లేదన్నారు. నిజం ఒప్పించింది జరిమానా భయం కాదు, అమ్ముకోవడానికి కార్లు ఉండవన్న భయం. సెప్టెంబరు 3న ఒప్పుకున్నారు. ఆ ఆగస్టులోనే జర్మనీలో ఉద్యోగులు వేలకొద్దీ పత్రాలు చెరిపేశారు. సెప్టెంబరు 18న ఈపీఏ నోటీసు ఇచ్చింది. కొన్ని పరిస్థితుల్లో పరిమితికి 40 రెట్ల దాకా విడుదల అని అందులో ఉంది. నాలుగు రోజులకే ప్రపంచవ్యాప్తంగా 1.1 కోట్ల కార్లలో ఈ సాఫ్ట్‌వేర్ ఉందని కంపెనీ వెల్లడించింది. మర్నాడు సీఈఓ మార్టిన్ వింటర్‌కార్న్ రాజీనామా చేశారు, తన వైపు తప్పేమీ జరిగినట్టు తెలియదంటూనే. అక్టోబరులో అమెరికా కాంగ్రెస్ ముందు కంపెనీ అమెరికా విభాగం అధిపతి, ఇది సంస్థ తీసుకున్న నిర్ణయం కాదని, ఇద్దరు ముగ్గురు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల పని అని చెప్పారు. ఏడాదిన్నర తిరక్కుండానే అదే సంస్థ మూడు నేరాలు ఒప్పుకుని 430 కోట్ల డాలర్లు కట్టడానికి అంగీకరించింది.

జవాబుదారీతనం అన్నది కారు ఏ దేశంలో కొన్నారన్నదాన్ని బట్టి మారిపోయింది. అమెరికాలో 2016 రాజీ విలువ 1,470 కోట్ల డాలర్ల దాకా. కార్లను కంపెనీ తిరిగి కొనాలి, పైన పరిహారం ఇవ్వాలి, గాలి బాగుకు నిధి కట్టాలి. మిషిగన్‌లో పాడుబడ్డ స్టేడియం పార్కింగ్‌లో అలా తిరిగొచ్చిన కార్లు వేలల్లో బారులు తీరాయి. ఐరోపాలో మాత్రం సాఫ్ట్‌వేర్ మార్పు చాలన్నారు, 1.6 లీటర్ల ఇంజిన్‌కైతే గాలి వెళ్లే దారిలో చిన్న ప్లాస్టిక్ జాలీ గొట్టం. సామూహికంగా దావా వేసే సౌకర్యమే జర్మనీలో 2018 దాకా లేదు. ఆ మార్పుచేసిన సాఫ్ట్‌వేర్ కూడా 15 నుంచి 33 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రతలోనే పూర్తిగా శుద్ధి చేసేది. అది కూడా నిషిద్ధమైన ఏర్పాటేనని ఐరోపా న్యాయస్థానం 2022 జులైలో తేల్చింది. మరమ్మతు పేరుతో ఇచ్చినదే చట్టవిరుద్ధమని తేలడానికి ఏడేళ్లు పట్టింది. భారత్‌లో సుమారు 3.23 లక్షల కార్లను కంపెనీ వెనక్కి పిలిచింది. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రైబ్యునల్ 500 కోట్ల రూపాయలు కట్టమంది, మేలో సుప్రీంకోర్టు కఠిన చర్యలు తీసుకోకుండా ఆపింది.

మనుషుల విషయానికొస్తే అసలు బరువు కింది, మధ్య స్థాయి వాళ్ల మీదే పడింది. దర్యాప్తుకు సహకరించిన ఇంజినీర్ జేమ్స్ లియాంగ్‌కు 2017లో 40 నెలల జైలు పడింది, ప్రభుత్వ న్యాయవాదులు అడిగినదానికంటే ఎక్కువ. అమెరికాలో దొరికిపోయిన మేనేజర్ ఆలివర్ ష్మిట్‌కు ఏడేళ్లు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపులోని ఆడీ మాజీ అధిపతి రూపర్ట్ స్టాడ్లర్ 2023లో నేరం ఒప్పుకుని, జైలుకు వెళ్లనక్కర్లేని శిక్షతో, 11 లక్షల యూరోల చెల్లింపుతో బయటపడ్డారు. 2025 మేలో జర్మనీలోని బ్రాన్‌ష్వైగ్ కోర్టు నలుగురిని దోషులుగా తేల్చి ఇద్దరిని జైలుకు పంపింది. వింటర్‌కార్న్ విచారణ 2024 సెప్టెంబరులో మొదలై ఆయన ఆరోగ్య కారణాలతో ఆగిపోయింది. ఆరోపణలను ఆయన ఖండిస్తున్నారు. జర్మనీ తన పౌరులను అమెరికాకు అప్పగించదు. కంపెనీలపై నేరం మోపే చట్టం కూడా అక్కడ లేదు. 2018లో ఫోక్స్‌వ్యాగన్‌పై వేసిన వంద కోట్ల యూరోల్లో అసలు జరిమానా 50 లక్షలే, చట్టం అనుమతించే గరిష్ఠం అదే. మిగతా 99.5 కోట్లు అక్రమ లాభం కింద రాబట్టినవి.

మొత్తం మీద కంపెనీకి 3,000 కోట్ల యూరోలకు పైగానే ఖర్చయింది. అయినా భయం అంతటా పాకిందని అనలేం. 2021లో ఐరోపా కమిషన్ మరో సంగతి బయటపెట్టింది. యూరియా ట్యాంకుల పరిమాణం లాంటివి ముందే మాట్లాడుకుని, చట్టం అడిగినదానికంటే బాగా శుద్ధి చేసే పోటీయే లేకుండా జర్మన్ కంపెనీలు 2009 నుంచి 2014 దాకా కుమ్మక్కయ్యాయి. ఫోక్స్‌వ్యాగన్, బీఎండబ్ల్యూలకు కలిపి 87.5 కోట్ల యూరోలు పడింది, సంగతి ముందుగా చెప్పేసిన మెర్సిడెస్ మాతృసంస్థ డైమ్లర్‌కు మినహాయింపు దక్కింది. శుభ్రంగా చేయగలిగే శక్తి ఉండి కూడా చేయకుండా ఉండేందుకు ఒప్పందం చేసుకోవడం, సాఫ్ట్‌వేర్ మోసం కంటే చిన్నదేమీ కాదు. 1998 జాబితాలో ఉన్న కమిన్స్ 2023 చివర్లో మళ్లీ వచ్చింది, ఈసారి ర్యామ్ పికప్ ట్రక్కుల ఇంజిన్లతో. 167.5 కోట్ల డాలర్లు, స్వచ్ఛ వాయు చట్టం కింద అప్పటికి అతి పెద్ద సివిల్ జరిమానా. తప్పు ఒప్పుకోకుండానే కట్టేసింది. టొయోటా గ్రూపులోని హీనో, డీజిల్ ఇంజిన్ల కాలుష్య లెక్కల మోసం కేసులో 2025 జనవరిలో 160 కోట్ల డాలర్లకు పైగా చెల్లించేందుకు అంగీకరించింది.

ఇన్ని కోట్ల మధ్య మరుగునపడేది గాలి పీల్చినవాళ్ల సంగతి. ప్రధాన మార్కెట్లలో డీజిల్ వాహనాలు పరిమితికి మించి వదిలిన ఆక్సైడ్ల వల్ల ఒక్క 2015లోనే సుమారు 38,000 అకాల మరణాలు సంభవించాయని 2017లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఆ మరణాల్లో ఏ ఒక్కదాన్నీ ఫలానా కారుకు ముడిపెట్టలేం. అందుకే కోర్టుల్లో ఎక్కువగా నష్టపోయినవాళ్లుగా నిలబడింది కారు కొన్నవాళ్లే. ఆ పొగ పక్కన బతికినవాళ్లకు అలాంటి అవకాశం దాదాపు దక్కలేదు.

ఐరోపాలో 2017 సెప్టెంబరు నుంచి కొత్త మోడళ్లను రోడ్డు మీద కూడా కొలుస్తున్నారు. 2020 నుంచి నిబంధన మీరిన ఒక్కో వాహనానికి 30,000 యూరోల దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు వచ్చింది. పాత లెక్కలు మాత్రం తేలలేదు. మెర్సిడెస్, ఫోర్డ్, రెనో, నిస్సాన్, పెజో-సిట్రోయెన్ డీజిల్ కార్లలోనూ ఇలాంటి ఏర్పాట్లున్నాయంటూ సుమారు 16 లక్షల మంది తరఫున వేసిన వ్యాజ్యాలపై 2025 అక్టోబరులో లండన్ హైకోర్టులో విచారణ మొదలైంది. కంపెనీలు ఆరోపణలను తోసిపుచ్చుతున్నాయి.