ఎంసీబీ పడిపోతోందంటే పాడైంది ఎంసీబీ కాదు

"ఎంసీబీ వీక్ అయిపోయిందండీ, ఊరికే పడిపోతోంది. వచ్చేటప్పుడు కొత్తది ఒకటి తెచ్చేయండి." నేను ఎలక్ట్రీషియన్‌ను, నాకు వచ్చే ఫోన్లలో సగం ఇలాగే మొదలవుతాయి. ఎంసీబీ అంటే కరెంటు మితిమీరితే తానే పడి లైన్‌ను ఆపేసే, బోర్డులోని లివర్ స్విచ్. నేను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఇప్పటికి ఎన్నిసార్లు పైకి లేపారు?" అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత "నాలుగైదు సార్లు లేపి ఉంటాం" అంటారు. పది దాటిన ఇళ్లూ చూశాను. ఆ నాలుగైదు సార్ల గురించే ఇది రాస్తున్నాను.

అపోహ: పడిపోతోందంటే ఎంసీబీ పాడైనట్టే. నిలబడేదాకా లేపుతూ ఉండాలి.

నేను చూసిన వాటిలో ఎంసీబీయే పాడైన సందర్భాలు చాలా తక్కువ. దాని పనే పడిపోవడం. తప్పు దాని అవతల, వైరులోనో ప్లగ్గులోనో మెషీన్‌లోనో ఉంటుంది.

ఎంసీబీ లోపల రెండు ఏర్పాట్లు ఉంటాయి. ఒకటి బైమెటల్ పట్టీ. లోడ్ ఎక్కువైతే అది వేడెక్కి మెల్లగా వంగి లివర్‌ను పడేస్తుంది. దీనికి నిమిషాలు పట్టొచ్చు, లోడ్ కొద్దిగానే ఎక్కువైతే గంట కూడా పట్టొచ్చు. రెండోది కాయిల్. షార్ట్ అయితే రెప్పపాటు కూడా ఆగకుండా పడేసేది ఇదే. సీ రకం 16 ఆంపియర్ల ఎంసీబీలో 80 నుంచి 160 ఆంపియర్ల మధ్య ఎక్కడో ఇది పనిచేస్తుంది. అందుకే ఎంతసేపటికి పడింది అన్నది నాకు చాలా ముఖ్యం. లేపగానే టప్‌మని పడితే షార్ట్. కాసేపు బాగా నడిచి పడితే ఓవర్‌లోడ్, లేదా ఎంసీబీ దగ్గరే స్క్రూ లూజై ఆ వేడికి పట్టీ వంగుతోంది.

షార్ట్ ఉన్న లైన్‌ను మళ్లీ లేపితే ఏమవుతుంది? ఎంసీబీ కట్ చేసేలోపు వందల ఆంపియర్లు అదే దెబ్బతిన్న చోటు గుండా పోతాయి. ప్రతిసారీ అక్కడ రవ్వ లేస్తుంది, ఇన్సులేషన్ ఇంకొంచెం మాడుతుంది, ఎంసీబీ లోపలి కాంటాక్టులు ఇంకొంచెం అరుగుతాయి. అసలు ప్రమాదం ఎక్కడంటే, లేపే మనిషి బోర్డు దగ్గర ఉంటాడు, రవ్వ లేచేది వేరే గదిలో.

ఒక ఇంట్లో వాషింగ్ మెషీన్ కాలు కింద దాని వైరే పడి నలిగిపోయింది. ఆ ఇంటాయన ఎనిమిది సార్లు లేపారట. నేను మెషీన్ జరిపి చూస్తే వైరు పక్కనున్న ప్లాస్టిక్ బుట్ట అంచు కరిగి ఉంది, గోడ మీద నల్లటి మరక ఉంది. ఆ బుట్టలో అప్పటికి బట్టలు లేకపోవడం వల్ల అంతటితో ఆగింది. ఆయనకు అది చూపించినప్పుడు ఆయన మొహం నాకింకా గుర్తుంది. తప్పు చేయాలని ఎవరూ చేయరు. "గట్టిగా లేపితే నిలబడుతుంది" అని ఎవరో చెప్పారు, ఆయన నమ్మారు. ఈ మాట మొదలుపెట్టిన వాళ్లు కనిపిస్తే ఆ గోడ దగ్గరికి తీసుకెళ్లాలని ఉంటుంది నాకు.

లివర్‌ను వేలితో పైకి పట్టుకుని ఉంచేవాళ్లూ ఉన్నారు, దారంతో కట్టినవాళ్లూ ఉన్నారు. లివర్ పైనే ఉన్నా లోపలి కాంటాక్టు విడిపోయేలానే దాన్ని తయారుచేస్తారు. పట్టుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

అపోహ: పెద్ద ఆంపియర్లది వేస్తే పడదు.

నిజమే, లోడ్ ఎక్కువైనా అంత తేలిగ్గా పడదు. దాని బదులు వైరు కాలుతుంది. ఎంసీబీ ఉన్నది గోడలోని వైరును కాపాడటానికి. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరున్న లైన్‌కు 16 తీసి 32 వేశారనుకోండి. ఇక ఆ వైరులో 32 ఆంపియర్లు గంటల తరబడి పారినా ఎంసీబీ కదలదు. మామూలు పీవీసీ ఇన్సులేషన్ తట్టుకునేది 70 డిగ్రీలు. అలా మార్చిన ఒక లైన్‌లో వైరు మార్చాల్సి వచ్చి పైపులోంచి లాగితే, ఇన్సులేషన్ పెళుసెక్కి పెచ్చులుగా ఊడి చేతిలోకి వచ్చింది. ఆ ఇంట్లో చంటిపిల్ల పడుకునే గది గోడ అది. వైరు సైజు చూడకుండా ఎంసీబీ పెంచమని ఎవరైనా అడిగితే నేను ఆ పని చేయను.

మరి పడినప్పుడు ఏం చేయాలి? ముందు వాసన చూడండి. మాడు వాసన వస్తున్నా, బోర్డు వేడిగా ఉన్నా, జుయ్‌మని శబ్దం వస్తున్నా, బోర్డులోకి నీళ్లు దిగినా లేపకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఇవేవీ లేకపోతే ఆ లైన్ మీద ఉన్న వస్తువులన్నిటి ప్లగ్గులూ తీసేయండి. ప్లగ్గు లేకుండా నేరుగా కలిపిన గీజర్, ఏసీ లాంటివాటిని వాటి స్విచ్ దగ్గర ఆపండి. చేతులు, నేల, చెప్పులు పొడిగా ఉండాలి. బోర్డుకు ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా నిలబడండి. లివర్ మధ్యలో ఆగి ఉంటే ముందు పూర్తిగా కిందికి నొక్కి, తర్వాత ఒక్కసారి పైకి లేపండి. ఓవర్‌లోడ్‌తో పడి ఉంటే పట్టీ చల్లబడటానికి రెండు మూడు నిమిషాలు ఆగాలి, లేకపోతే లివర్ నిలవదు.

నిలబడితే వస్తువులు ఒక్కొక్కటిగా పెట్టుకుంటూ రండి. ఏది పెట్టగానే పడిందో దాన్ని పక్కన పెట్టండి. అన్నీ తీసేసినా పడితే లోపం గోడలోని వైరింగ్‌లోనే ఉండొచ్చు. రెండోసారి లేపొద్దు.

స్విచ్ ఆపితే చాలదా, ప్లగ్గే ఎందుకు తీయాలి అని అడుగుతారు. ఆర్‌సీసీబీ, అంటే కరెంటు ఎర్త్‌లోకో మనిషి ఒంట్లోకో లీకైతే పడిపోయే స్విచ్, పడినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. మామూలు స్విచ్ ఫేజ్‌ను మాత్రమే కట్ చేస్తుంది. ఇస్త్రీ పెట్టె లోపల న్యూట్రల్ ఎర్త్‌కు తగులుతుంటే, దాని స్విచ్ ఆఫ్‌లోనే ఉన్నా, వేరే గదిలో ఇంకేదో నడుస్తుంటే చాలు, ఆర్‌సీసీబీ పడిపోతుంది. "అన్నీ ఆఫ్ చేశాను, అయినా పడుతోంది" అన్న ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది.

అపోహ: ఎంసీబీ ఉంది కాబట్టి షాక్ కొట్టదు. ఇళ్లలో వాడే ఆర్‌సీసీబీ సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి పడుతుంది. 16 ఆంపియర్లంటే దానికి 500 రెట్ల కంటే ఎక్కువ. మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు ఎంసీబీకి తెలియనే తెలియదు. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది, అప్పుడప్పుడు నొక్కి చూడండి. పడకపోతే దాన్ని నమ్ముకోవద్దు. ఫేజ్, న్యూట్రల్ రెండూ ఒకేసారి పట్టుకుంటే మాత్రం అదీ కాపాడలేకపోవచ్చు.

వోల్టేజీ ఎగుడుదిగుళ్లు నేరుగా ఎంసీబీని పడేయవు, అది చూసేది కరెంటును. రోజూ లైట్లు ఆపడానికి ఎంసీబీనే స్విచ్‌లా వాడొద్దు, అది అందుకు కాదు.

ఇంకో రకం వాళ్లూ ఉన్నారు, బోర్డును ముట్టుకోవడానికే భయపడేవాళ్లు. ఒక పెద్దావిడ రాత్రంతా చీకట్లో కూర్చుని తెల్లారాక ఫోన్ చేశారు. "బాబూ, లేపితే పేలుతుందన్నారు" అన్నారు. ఆవిడ మీద నాకు కోపం రాలేదు, అలా చెప్పినవాళ్ల మీద వచ్చింది. ఫోన్‌లోనే ఒక్కొక్కటీ అడిగాను. వాసన లేదు, శబ్దం లేదు, నేల పొడిగానే ఉంది. ప్లగ్గులన్నీ తీయించాను. "కిందికి పూర్తిగా నొక్కండమ్మా, ఇప్పుడు పైకి." ఫ్యాన్ తిరిగిన శబ్దం నాకు ఫోన్‌లో వినిపించింది. ఆవిడ ఒక్కొక్క ప్లగ్గూ పెడుతూ పేర్లు చెబుతూ వచ్చారు. నీళ్ల మోటారు దగ్గరకు రాగానే మళ్లీ పడింది. "దాన్ని వదిలేసి మిగతావి వాడుకోండమ్మా, నేను సాయంత్రం వచ్చి చూస్తాను" అన్నాను. మోటారు విప్పి చూస్తే లోపలికి తడి దిగి ఉంది.