గెలుస్తూనే విసిగించిన జట్టు: అయోవా ఆఫెన్స్ వెనక పాతికేళ్ల కథ

2023 సీజన్‌లో అయోవా విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 14 మ్యాచ్‌లు ఆడి 216 పాయింట్లు చేసింది, 207 ఇచ్చింది. ఆఫెన్స్, అంటే బంతితో ముందుకు సాగే దళం, మ్యాచ్‌కు సగటున 234.6 గజాలే సాధించింది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ పై శ్రేణిలో ఉన్న 133 జట్లలో అదే ఆఖరి స్థానం. అయినా ఆ జట్టు 10 మ్యాచ్‌లు గెలిచింది, బిగ్ టెన్ లీగ్ పశ్చిమ విభాగంలో మొదటి స్థానంలో నిలిచింది. ఓడిన నాలుగింటిలో మూడు మాత్రం 31-0, 26-0, 35-0.

పది గెలిచాక ఇంకా ఏడుపెందుకని బయటివాళ్లు అయోవా అభిమానులను అడుగుతుంటారు. వాళ్ల బాధ గెలుపోటముల లెక్క కాదు. దేశంలోనే మేటి అనదగ్గ డిఫెన్స్ (ఎదుటివాళ్లను ఆపే దళం) దొరికిన మూడేళ్లను ఆఫెన్స్ చేజేతులా పోగొట్టింది. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. అయితే అది ఒక్క కోచ్ తప్పుతోనో, ఒక్క సీజన్‌తోనో పుట్టింది కాదు.

ఆట కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలుంటాయి, వాటిలో పది గజాలు ముందుకు వెళ్లాలి. మూడింటిలో కుదరకపోతే నాలుగోసారి సాధారణంగా బంతిని దూరంగా తన్ని ఎదుటివాళ్లకు అప్పగిస్తారు, అదే పంట్. బంతిని ఎదుటివాళ్ల వైపు మైదానం చివరి పట్టీలోకి, అంటే ఎండ్ జోన్‌లోకి, చేరిస్తే టచ్‌డౌన్; దానికి ఆరు పాయింట్లు, ఆపైన అదనపు కిక్‌కు ఒకటి. బంతిని గోల్ స్తంభాల మధ్యగా తన్నితే ఫీల్డ్ గోల్, దానికి మూడు. బంతి ఉన్నవాణ్ణి అతని సొంత ఎండ్ జోన్‌లోనే పడగొడితే అది సేఫ్టీ, డిఫెన్స్ జట్టుకు రెండు పాయింట్లు. ఈ సేఫ్టీని గుర్తుపెట్టుకోండి, అయోవా కథలో అది మాటిమాటికీ వస్తుంది.

నిజానికి అయోవాలో ఆఫెన్స్ ఎప్పుడూ ఇలాగే లేదు. 1979 నుంచి 1998 దాకా కోచ్‌గా ఉన్న హేడెన్ ఫ్రై టెక్సస్ మనిషి, బంతిని గాల్లోకి విసిరించడానికి జంకేవాడు కాదు. 1985లో జట్టు దేశంలో మొదటి ర్యాంకుకు చేరింది. ఆ ఏడాది క్వార్టర్‌బ్యాక్ (ఆఫెన్స్‌ను నడిపిస్తూ బంతి విసిరేవాడు) చక్ లాంగ్, దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఓటింగులో బో జాక్సన్ తర్వాత రెండో స్థానంలో నిలిచాడు. ఫ్రై దగ్గర 1980లలో ఆఫెన్స్ ముందు వరస అయిన లైన్‌కు కోచ్‌గా పనిచేసిన కిర్క్ ఫెరెంజ్ 1999లో హెడ్ కోచ్‌గా తిరిగొచ్చాడు. మధ్యలో ఆయన ప్రొఫెషనల్ జట్టు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌లో కోచ్ బిల్ బెలిచిక్ కింద కూడా పనిచేశాడు. వచ్చిన మొదటి ఏడాది ఒక్కటే గెలిచి పది ఓడాడు. 2002కల్లా 11-2కు (11 గెలుపులు, 2 ఓటములు) చేర్చాడు, బిగ్ టెన్‌లో ఎనిమిదికి ఎనిమిదీ గెలిచాడు. ఆయన పద్ధతి అప్పుడే స్థిరపడింది: లైన్‌ను దిట్టంగా కట్టు, బంతి పోగొట్టుకోకు, పంట్‌తో ఎదుటివాణ్ణి వాళ్ల గోల్ దగ్గరికి నెట్టు, డిఫెన్స్ పని పూర్తిచేస్తుంది.

ఆ నమ్మకం ఎంత గట్టిదో 2004 అక్టోబర్ 23న పెన్ స్టేట్‌లో తెలిసింది. ఆ ఏడాది బంతితో పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌లు ఒకరి తర్వాత ఒకరు మోకాలి గాయాలతో తప్పుకున్నారు, పరుగు ఆట దాదాపు చచ్చిపోయింది. నాలుగో క్వార్టర్‌లో స్కోరు అయోవాకు అనుకూలంగా 6-2. బంతి అయోవా సొంత గోల్ ముందు ఇరుక్కుంది, ప్రయత్నాలు అయిపోయాయి. ఫెరెంజ్ కావాలనే సేఫ్టీ ఇచ్చేశాడు, స్కోరు 6-4 అయింది. 6-2 దగ్గర పెన్ స్టేట్‌కు గెలవాలంటే టచ్‌డౌన్ కావాలి. 6-4 దగ్గర ఒక్క ఫీల్డ్ గోల్ చాలు. అంటే ఎదుటివాళ్ల పని సులువు చేసి మరీ, బదులుగా బంతిని సొంత గోల్ ముందు నుంచి దూరంగా తన్నే వీలు కొనుక్కున్నాడు. డిఫెన్స్ ఆ తర్వాత ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు, మ్యాచ్ 6-4తోనే ముగిసింది. ఆ సీజన్ 10-2. అభిమానులు ఆ మ్యాచ్‌ను ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. ఏళ్లు గడిచాక అదే ఆలోచన వాళ్లకు మింగుడు పడలేదు, ఎందుకంటే 2004లో అది గత్యంతరం లేక చేసిన పని, తర్వాత అదే ఆటతీరు అయిపోయింది.

ఆఫెన్స్ పనిచేసే తీరు కూడా చూడాలి, లోపం అక్కడే ఉంది. ఫెరెంజ్ జట్టుకు ప్రాణం ఔట్‌సైడ్ జోన్ అనే పరుగు ఆట. బంతి కదలగానే లైన్‌లో ఉన్న ఐదుగురూ ఒకే పక్కకు అడుగేస్తారు. నీకు ఫలానా ఆటగాడు అన్న కేటాయింపు ఉండదు, తన వంతు జాగాలోకి ఎవరొస్తే వాణ్ణి అడ్డుకోవాలి. రన్నింగ్ బ్యాక్ అంచు వైపు పరిగెత్తుతూ, సందు కనిపించిన చోట ఒక్కసారే మలుపు తిరిగి ముందుకు దూకాలి. ఇది బాగా సాగితే దానికి జోడీ ఉంది: క్వార్టర్‌బ్యాక్ బంతి ఇచ్చినట్టే నటించి, రెండో దిక్కుకు పరిగెత్తి, అక్కడ ఖాళీగా దొరికిన టైట్ ఎండ్‌కు (లైన్ చివర నిలబడి, అడ్డుకోవడమూ పాస్ పట్టడమూ చేసేవాడికి) విసురుతాడు. డిఫెన్స్ పరుగును నమ్మితేనే ఆ విసురు పండుతుంది.

చిక్కేమిటంటే ఇందులో ప్రతి ముక్కా మరో ముక్క మీద ఆధారపడి ఉంటుంది. లైన్‌లో ఒక్కడు అడుగు తడబడితే మొదటి ప్రయత్నం ఒకటి రెండు గజాల దగ్గర ఆగిపోతుంది. మూడో ప్రయత్నానికి ఇంకా ఏడెనిమిది గజాలు మిగులుతాయి. అప్పుడు ఆ నటనను ఎవరూ నమ్మరు, క్వార్టర్‌బ్యాక్ నిలబడి విసరక తప్పదు. దూరం పరిగెత్తి పాస్‌లు పట్టి భయపెట్టే రిసీవర్లు లేకపోతే వెనక కాపలా ఉండాల్సిన డిఫెన్స్ ఆటగాళ్లు కూడా ముందుకొచ్చేస్తారు. ఎనిమిది మంది ఎదురుగా గుమిగూడిన చోట తర్వాతి పరుగు ఇంకా కష్టం. పంట్, మళ్లీ పంట్. లైన్ బాగున్న ఏడాది ఇది యంత్రంలా నడుస్తుంది, బాగాలేని ఏడాది దీనికి రెండో దారి లేదు.

2017లో కిర్క్ కొడుకు బ్రయన్ ఫెరెంజ్ ఆఫెన్సివ్ కోఆర్డినేటర్, అంటే ఆఫెన్స్‌ను నడిపే సహాయ కోచ్, అయ్యాడు. తండ్రి కొడుకుకు పైఅధికారిగా ఉండకూడదు కాబట్టి కాగితం మీద బ్రయన్ జవాబు చెప్పాల్సింది విశ్వవిద్యాలయ క్రీడా విభాగాధిపతి అయిన అథ్లెటిక్ డైరెక్టర్‌కు. తర్వాత జరిగిన గొడవంతటికీ ఈ ఏర్పాటే పునాది. మైదానంలో బాధ్యత హెడ్ కోచ్‌ది, ఉద్యోగంలో ఉంచాలా తీసేయాలా అన్న నిర్ణయం మరొకరిది.

ఆ మొదటి ఏడాదే నిలకడలేమి బయటపడింది. నవంబర్ 4న ఒహాయో స్టేట్‌ను 55-24తో చిత్తు చేశారు. క్వార్టర్‌బ్యాక్ నేట్ స్టాన్లీ ఐదు టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. వారం తిరక్కుండా విస్కాన్సిన్‌లో ఆఫెన్స్ మొత్తం 66 గజాలు. అయోవా చేసిన 14 పాయింట్లూ డిఫెన్స్ ఆటగాడు (కార్నర్‌బ్యాక్) జాష్ జాక్సన్ ఎదుటివాళ్ల పాస్‌లు రెండు పట్టి తెచ్చిన టచ్‌డౌన్ల పుణ్యమే. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, చేతిలో సరుకుంది కాబట్టి. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే 2019 డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఇద్దరు అయోవా టైట్ ఎండ్‌లు, హాకిన్‌సన్, ఫాంట్, ఎంపికయ్యారు. మరుసటి ఏడాది లైన్ ఆటగాడు (ట్యాకిల్) ట్రిస్టన్ వర్ఫ్స్ వెళ్లాడు, 2022లో లైన్ మధ్యలో ఉండే సెంటర్ టైలర్ లిండర్‌బామ్. వాళ్ల స్థానంలోకి వచ్చినవాళ్లు అంత త్వరగా ఎదగలేదు.

2021లో జట్టు మొదటి ఆరూ గెలిచింది. పెన్ స్టేట్‌ను 23-20తో ఓడించి రెండో ర్యాంకుకు చేరింది. ఆ సీజన్‌లో డిఫెన్స్ ఎదుటివాళ్ల పాస్‌లు 25 మధ్యలోనే పట్టేసింది (ఇంటర్‌సెప్షన్లు), దేశంలో అదే అత్యధికం. ఎదుటివాళ్ల గోల్ దగ్గరే బంతి దొరుకుతుంటే ఆఫెన్స్ నడవాల్సిన దూరం తక్కువ, లోపం కనబడదు. రెండో ర్యాంకు వచ్చిన వారమే సొంత మైదానంలో పర్డ్యూ చేతిలో 24-7. బిగ్ టెన్ ఫైనల్లో మిషిగన్ చేతిలో 42-3. ఆఫెన్స్ గజాల్లో 130 జట్లలో 121వ స్థానం. ఆ చలికాలమే కిర్క్ కాంట్రాక్టును 2029 దాకా పొడిగించారు.

తర్వాతి సీజన్‌లో అభిమానుల ఓపిక నశించింది. 2022 సెప్టెంబర్ 3న, కింది శ్రేణి జట్టయిన సౌత్ డకోటా స్టేట్‌పై సొంత మైదానం కినిక్ స్టేడియంలో 7-3 గెలుపు. స్కోరు చూస్తే ఒక టచ్‌డౌన్ అనిపిస్తుంది. అది కూడా కాదు, ఒక ఫీల్డ్ గోల్, రెండు సేఫ్టీలు. ఆఫెన్స్ 166 గజాలు నడిస్తే, మెల్‌బోర్న్ నుంచి వచ్చిన పంటర్ టోరీ టేలర్ పదిసార్లు తన్ని 479 గజాలు పంపాడు. మరుసటి వారం అయోవా స్టేట్ చేతిలో 10-7. అక్టోబర్‌లో ఇల్లినాయ్ చేతిలో 9-6. అదే సీజన్‌లో డిఫెన్స్ మ్యాచ్‌కు ఇచ్చింది 13.3 పాయింట్లే. డిఫెన్స్‌లో ఆడే లైన్‌బ్యాకర్ జాక్ క్యాంప్‌బెల్, దేశంలో ఉత్తమ లైన్‌బ్యాకర్‌కిచ్చే బట్కస్ అవార్డు గెలిచాడు. బౌలర్లు ప్రత్యర్థిని 120కి కట్టడి చేసినా బ్యాటర్లు 121 కొట్టడానికి ఆఖరి ఓవర్ దాకా లాగే జట్టును ఊహించుకుంటే ఆ స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్ల పరిస్థితి అర్థమవుతుంది.

రిసీవర్లు ముందే అర్థం చేసుకున్నారు. ఒక కాలేజీ నుంచి మరో కాలేజీకి మారే (ట్రాన్స్‌ఫర్) నిబంధనలు సడలాక బంతి అందని చోట ఎవరు ఉంటారు? చార్లీ జోన్స్ 2022లో పర్డ్యూకు వెళ్లి ఒక్క సీజన్‌లో 110 క్యాచ్‌లు, 1,361 గజాలు సాధించాడు. అయోవాలో అతన్ని ఎక్కువగా పంట్‌లు పట్టి పరిగెత్తడానికే వాడుకున్నారు. సమస్య ఆటగాళ్లదా, పద్ధతిదా అన్న వాదనకు నా దృష్టిలో ఇంతకంటే సూటి జవాబు లేదు.

2023 ఫిబ్రవరిలో అథ్లెటిక్ డైరెక్టర్ గ్యారీ బార్టా దీనికొక పరిష్కారం కనిపెట్టాడు. బ్రయన్ జీతం 9 లక్షల డాలర్ల నుంచి 8.5 లక్షలకు తగ్గించి, కాంట్రాక్టులో రెండు షరతులు పెట్టారు: జట్టు కనీసం ఏడు మ్యాచ్‌లు గెలవాలి, మ్యాచ్‌కు సగటున 25 పాయింట్లు చేయాలి. రెండూ నెరవేరితే 1,12,500 డాలర్ల బోనస్, పెరిగిన జీతం. లేకపోతే ఉద్యోగం అక్కడితో సరి. 13 మ్యాచ్‌లకు 25 చొప్పున 325 కాబట్టి అభిమానులు దానికి ‘325 యాత్ర’ అన్న అర్థం వచ్చేలా పేరు పెట్టి ప్రతి వారం లెక్క కట్టారు.

ఆ షరతు మొదటినుంచీ తప్పుడు కొలత. డిఫెన్స్ చేసిన టచ్‌డౌన్లు, పంట్ రిటర్న్‌లు కూడా ఆ 25లో కలుస్తాయి. అంటే కోఆర్డినేటర్ ఉద్యోగాన్ని అతని చేతిలో లేని ఆటగాళ్లు కాపాడవచ్చు. పైగా అయోవా నెమ్మదిగా ఆడుతుంది, మ్యాచ్‌లో బంతి చేతికొచ్చే సార్లే తక్కువ. కొలవాలనుకుంటే ఒక్కో అవకాశానికి ఎన్ని పాయింట్లు, మొదటి ప్రయత్నంలో ఎన్ని గజాలు అన్నది చూడాలి. తీసేయడం ఇష్టం లేక, ఉంచడం సాధ్యం కాక పెట్టిన అంకె అది.

మిషిగన్ నుంచి క్వార్టర్‌బ్యాక్ కేడ్ మెక్‌నమారాను తెచ్చుకున్నారు. 2021 ఫైనల్లో అయోవాను ఓడించిన మిషిగన్ జట్టు క్వార్టర్‌బ్యాక్ అతనే. సెప్టెంబర్ ఆఖరున మోకాలి గాయంతో సీజన్ ముగించుకున్నాడు. టైట్ ఎండ్‌లు ల్యూక్ లేచీ, ఎరిక్ ఆల్ కూడా గాయపడ్డారు. అదనపు క్వార్టర్‌బ్యాక్ డీకన్ హిల్ విసిరిన వాటిలో సగం కూడా చేరలేదు. అంతకుముందే పెన్ స్టేట్‌పై ఆఫెన్స్ 33 ప్రయత్నాల్లో 76 గజాలు తిప్పలుపడి సాధించింది. అక్టోబర్ 21న మిన్నెసోటా మ్యాచ్‌లో కూపర్ డిజీన్ చివరి నిమిషాల్లో పంట్ రిటర్న్ టచ్‌డౌన్ కొట్టాడు. అతను చెయ్యి ఊపిన తీరు చెల్లని ఫెయిర్ క్యాచ్ సంకేతమని (బంతి పట్టి పరిగెత్తనని చెప్పే సైగ) రిఫరీలు రద్దు చేశారు, 12-10తో ఓటమి. ఆ నిర్ణయం మీద రేగిన కోపం సరైనదే. కానీ ఒక్క రిటర్న్ మీద మ్యాచ్ ఆధారపడేదాకా తెచ్చుకున్నది ఆఫెన్సే.

అక్టోబర్ 30న, జట్టు 6-2తో ఉండగా, సీజన్ తర్వాత బ్రయన్ ఉండడని తాత్కాలిక అథ్లెటిక్ డైరెక్టర్ బెత్ గెట్జ్ ప్రకటించింది. ఆ తర్వాత కూడా జట్టు వరసగా నాలుగు గెలిచింది: 10-7, 22-0, 15-13, 13-10. సీజన్ చివరికి సగటు 15.4. టేలర్ 93 పంట్‌లతో 4,479 గజాలు తన్ని కాలేజీ ఫుట్‌బాల్ ఒక సీజన్ రికార్డు సృష్టించాడు, దేశంలో ఉత్తమ పంటర్‌కిచ్చే రే గై అవార్డు అందుకున్నాడు. డిఫెన్స్ కోఆర్డినేటర్ ఫిల్ పార్కర్‌కు దేశంలో ఉత్తమ సహాయ కోచ్‌గా బ్రోయిల్స్ అవార్డు దక్కింది.

ఇన్నేళ్లు ఇది నెట్టుకురావడానికి లీగ్ నిర్మాణం కూడా కారణం. 2014 నుంచి 2023 దాకా ఒహాయో స్టేట్, మిషిగన్, పెన్ స్టేట్ మూడూ తూర్పు విభాగంలో ఉన్నాయి. పశ్చిమంలో తక్కువ స్కోర్ల మ్యాచ్‌లు గెలిస్తే విభాగం దక్కేది. ఆ పదేళ్లలో ఫైనల్ ప్రతిసారీ తూర్పుదే. 2024లో విభాగాలు రద్దయ్యాయి. ఓరెగాన్, వాషింగ్టన్, యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ వచ్చి చేరాయి.

కొత్త కోఆర్డినేటర్ టిమ్ లెస్టర్ 2024లో పరుగు ఆటను అదే కుటుంబంలో ఉంచి, బంతి కదిలే ముందు ఆటగాళ్లను అటూ ఇటూ జరపడం పెంచాడు. కేలెబ్ జాన్సన్ 1,537 గజాలు పరిగెత్తాడు, సగటు 27.7కు ఎగసింది. అంటే పనికిరానిది పాత పద్ధతి మొత్తం కాదు, దాన్ని దాచుకోకుండా ఆడిన తీరు. కానీ పాసింగ్ ఇంకా దేశంలో అడుగునే ఉండిపోయింది, ఫలితం 8-5.

2025కు క్వార్టర్‌బ్యాక్‌గా మార్క్ గ్రోనౌస్కీ వచ్చాడు. 2022లో ఆ 7-3 మ్యాచ్‌లో సౌత్ డకోటా స్టేట్ తరఫున ఆడింది ఇతనే. కాళ్లతో గజాలు తెచ్చాడు, సెప్టెంబర్‌లో కిర్క్ ఫెరెంజ్ 206వ గెలుపుతో బిగ్ టెన్‌లో ఒహాయో స్టేట్ పాత కోచ్ వుడీ హేస్ రికార్డు దాటాడు. జట్టు 9-4తో ముగించింది. ఓడిన నాలుగు: అయోవా స్టేట్‌తో 16-13, ఇండియానాతో 20-15, ఓరెగాన్‌తో 18-16, యూఎస్‌సీతో 26-21. నాలుగూ కలిపి తేడా 15 పాయింట్లు. గ్రోనౌస్కీకి కాలేజీ అర్హత అక్కడితో ముగిసింది, 2026లో ఆ స్థానం మళ్లీ కొత్తవాడిది.