దెబ్బ చిన్నదే, దడ తగ్గదేం?

రణస్థలం నుంచి ఒక పాఠకురాలు రాశారు: "హైవే మీద లారీ మా ఆయన బండిని రాసుకుంటూ పోయింది. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. మూడు వారాలైనా బండి తాళం ముట్టుకోవడం లేదు. హారన్ వింటే చెమటలు. జడుసుకున్నాడని మా అత్తగారు తాయెత్తు కట్టించారు. ఇంత చిన్నదానికి ఇంత భయమా?"

ఉంటుందండీ. ఎన్ని కుట్లు పడ్డాయన్నదాని కన్నా, ఆ క్షణాన 'ఇక పోయాను' అనిపించిందా లేదా అన్నదే ముఖ్యం.

మెదడులో బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా, హారన్‌నీ డీజిల్ వాసననీ ప్రమాదంతో ముడిపెట్టేస్తుంది. తర్వాత హారన్ మోగితే ఆ కబురు, చెవి నుంచి వచ్చిన కబుర్లని మెదడుకి పంచే థాలమస్ నుంచి నేరుగా అమిగ్డలాకి చేరుతుంది. ఆలోచించే పైపొర, అంటే కార్టెక్స్ మీదుగా వెళ్ళేది చుట్టుదారి. 'లారీ దూరంగా ఉందిలే' అని కార్టెక్స్ తేల్చేసరికే గుండె దడదడలాడుతుంది. "భయపడకు" అంటే పోదు.

గంట మోగించి తిండి పెడుతూ పోతే, తర్వాత గంట వింటేనే కుక్కకి లాలాజలం ఊరుతుందని శాస్త్రవేత్త పావ్‌లోవ్ చూపాడు. బడిలో అంతవరకే చెప్పి వదిలేస్తారు. అసలు కథ ఆ తర్వాతే. తిండి పెట్టకుండా గంట మోగిస్తూ పోతే లాలాజలం తగ్గిపోతుంది. కొన్నాళ్ళాగి మోగిస్తే మళ్ళీ కొంత ఊరుతుంది! అంటే పాత పాఠం చెరిగిపోలేదు, 'గంట మోగినా ఏమీ రాదు' అనే కొత్త పాఠం పక్కన చేరిందంతే. భయమూ ఇంతే. కొత్త పాఠం బలపడితే నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అమిగ్డలాని అదుపు చేస్తుంది. అయితే ఆ పాఠం నేర్చిన చోటుకే అంటుకుని ఉంటుంది. ఇంటి సందులో ధైర్యంగా నడిపినవాడికి హైవే ఎక్కగానే మళ్ళీ దడ రావచ్చు. బండి మూలన పెడితే అసలు పాఠమే మొదలవదు.

మరి వెంటనే కౌన్సెలింగ్? ఒకప్పుడు బాధితుణ్ణి కూర్చోబెట్టి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పించేవారు. ఆక్స్‌ఫర్డ్‌లో రోడ్డు ప్రమాద బాధితుల మీద దీన్ని పరీక్షించారు. మూడేళ్ళ తర్వాత చూస్తే, మొదట్లో బాగా కలవరపడినవాళ్ళలో ఎవరిచేత అలా చెప్పించారో వాళ్ళే కోలుకోలేదు. 2000లో వచ్చిన ఫలితమిది. మన పరామర్శలూ ఇదే తంతు కదా, వచ్చిన ప్రతివాళ్ళకీ మొదటినుంచి కథ చెప్పాలి!

ఇప్పుడు చేసేది వేరు. ఈ దడ, కలలు మామూలేనని చెప్పడం, తనంతట తాను మాట్లాడితే వినడం, నిద్ర చూసుకోవడం. చాలామందికి నెలలోపు సర్దుకుంటుంది. డాక్టర్ చెప్పకుండా నిద్రమాత్రలు వద్దు.

తాయెత్తు ఉండనివ్వండి. ముందు ఆగి ఉన్న బండి మీద కూర్చోమనండి. తర్వాత మీ అబ్బాయో తమ్ముడో నడుపుతుంటే వెనక కూర్చుని పైడిభీమవరం దాకా, ఆనక రద్దీ లేనప్పుడు తానే నడుపుతూ. దడ కాస్త దిగేదాకా ఆగి, తర్వాతి మెట్టు. నెల దాటినా ఇలాగే ఉంటే సైకాలజిస్టుని కలవండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడవచ్చు.