గంజాయి ఎండే తీరు వంగడాన్ని బట్టే

ఒకే గదిలో, ఒకే గాలికి వేలాడదీసిన రెండు గంజాయి వంగడాలు వారం తిరిగేసరికి ఒకేలా ఉండవు. ఒకదాని కాడ వంచితే పుటుక్కున విరుగుతుంది. రెండోదాని పైఆకులు గలగలలాడుతున్నా, పూగుత్తిని చీల్చి చూస్తే లోపల ఇంకా చెమ్మే. తప్పు ఆరబెట్టినవారిదని తేల్చేసే ముందు మొక్క జన్యువులను చూడాలి.

కోసిన పూలలో సుమారు 75–80 శాతం నీరే. దాన్ని 10–12 శాతానికి దించాలి. పూగుత్తి ఎంత ఒత్తుగా అల్లుకుంటుంది, మధ్యలో ఎన్ని ఆకులు దూరతాయి అన్నవి చాలావరకు వంశపారంపర్య లక్షణాలు. సన్నాకు రకాల పూలు సాధారణంగా వదులుగా ఉండి గాలి ఆడనిస్తాయి. ముద్ద కట్టే రకాలను తొందరపడి ఆరబెడితే పైపొర బిరుసెక్కి, లోపలి నీటికి దారి మూసుకుపోతుంది. బోట్రిటిస్ బూజుకు అంతకంటే ఏం కావాలి?

వాసన సంగతి మరీ ఆసక్తికరం. పూలమీద ట్రైకోమ్‌లనే జిగురు గ్రంథులుంటాయి. వాటిలో తయారయ్యే టెర్పీన్లే పరిమళానికి మూలం. ఏ టెర్పీన్ ఎక్కువ, ఏది తక్కువ అన్నదాన్ని ప్రధానంగా టెర్పీన్ సింథేజ్ జన్యువులు నిర్ణయిస్తాయి. మిర్సీన్, లిమోనీన్, పైనీన్ 10 కార్బన్ల చిన్న అణువులు, ఇట్టే ఆవిరైపోతాయి. 15 కార్బన్ల కారియోఫిల్లీన్, హ్యూములీన్ అంత తేలిగ్గా పోవు. 1996లో వెలువడిన ఒక అధ్యయనంలో, గది ఉష్ణోగ్రతలో వారం ఆరేసరికే పూల సుగంధ తైలం దాదాపు మూడోవంతు తగ్గింది. ఎక్కువగా పోయినవి చిన్న అణువులే. కాబట్టి నిమ్మవాసన వంగడానికి 18–20 డిగ్రీల చల్లదనం, నిదానం కావాలి. అదే వంగడం ముద్ద కట్టేదైతే ఆ నిదానమే బూజును పిలుస్తుంది. నా దృష్టిలో అన్నిటికంటే కష్టమైన కలయిక ఇదే. పెద్ద గుత్తులను చిన్న రెమ్మలుగా విడదీసి, గాలి నేరుగా కొట్టకుండా చూడటం మేలు.

ఆరాక మూతపెట్టి మాగబెడతారు. లోపలి తేమ పైకి పాకి అంతటా సమమవుతుంది. కొన్ని వంగడాల్లో ఘాటు తెచ్చేది టెర్పీన్లు కావు, గంధకం ఉన్న అణువులు. ఎండ తగిలిన బీరు కంపుకొట్టడానికి కారణమైన అణువు వాటిలో ఒకటి. ఇవి మాగేటప్పుడు పెరిగి, నిల్వలో తగ్గుతాయని 2021లో రసాయన శాస్త్రజ్ఞులు చూపారు.

మాగబెట్టడం మార్చలేనిది ఒకటుంది. మొక్క తయారుచేసేవి టీహెచ్‌సీఏ, సీబీడీఏ అనే ఆమ్లాలు. రెండూ సీబీజీఏ అనే ఒకే మూల ఆమ్లం నుంచే పుడతాయి. ఏది ఎంత అన్నది ఎంజైము జన్యువులు ముందే తేల్చేస్తాయి. వేడి తగిలితే టీహెచ్‌సీఏ మత్తెక్కించే టీహెచ్‌సీగా, సీబీడీఏ మత్తెక్కించని సీబీడీగా మారుతుంది, వెలుతురు, గాలి సోకితే టీహెచ్‌సీ క్రమంగా సీబీఎన్ అనే మరో పదార్థంగా క్షీణిస్తుంది. సీబీడీ వంగడం మాత్రం ఎన్నాళ్లు మాగినా సీబీడీ వంగడమే.