వారంటీ అయిపోయిన లగ్జరీ కారు: షెడ్డులో రోజూ వినే అపోహలు

"వచ్చే నెలతో వారంటీ అయిపోతోంది, ఈలోపే అమ్మేయమంటారా?" ఖరీదైన బండ్లు మాత్రమే చూసే షెడ్డు కావడంతో ఈ ప్రశ్న వినకుండా నాకు వారం గడవదు. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "ఎప్పుడైనా బండి కిందకి వంగి చూశారా?" చాలామంది చూసి ఉండరు. వారంటీ ఉన్నన్నాళ్లూ ఆ పని కంపెనీదే కదా. ఆ తర్వాత వచ్చే పెద్ద బిల్లుల్లో చాలా వాటికి ఈ అలవాటే మూలం.

అపోహ: వారంటీ ముగిసిన మర్నాటి నుంచే రిపేర్లు మొదలవుతాయి.

ఆ తేదీ బండికి తెలీదు. ఐదారేళ్లు ఇంజిన్ వేడిలో మగ్గితే ముందుగా దెబ్బతినేది రబ్బరూ ప్లాస్టిక్కూ. ఇంజిన్ పైమూత కింద ఆయిల్ కారకుండా ఉండే రబ్బరు పట్టీ, అంటే వాల్వ్ కవర్ గాస్కెట్, గట్టిపడుతుంది, కూలెంట్ ట్యాంకు అతుకు దగ్గర చీలుతుంది, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్ చెమర్చడం మొదలుపెడుతుంది. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు, వెంటనే చేయిస్తే.

ఒక ఓనరుకి ఆ హౌసింగ్ దగ్గర తడి చూపించాను. "చెమ్మేగా, చూద్దాంలే" అన్నారు. కొన్ని ఇంజిన్లలో ఆ ఆయిల్ సరిగ్గా డ్రైవ్ బెల్టు మీద పడుతుంది. నానిన బెల్టు జారి, పోగులు పోగులుగా విడిపోయి, ఆ బెల్టును తిప్పే క్రాంక్ పుల్లీ వెనకున్న సీల్ గుండా ఇంజిన్ లోపలికే దూరిపోతుంది. ఆయన బండిలో అదే జరిగింది. ఆయిల్ చాంబర్ దింపి బెల్టు ముక్కలు ఏరాల్సి వచ్చింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తేవడం అంటే ఇదే.

అపోహ: గేర్‌బాక్స్ ఆయిల్ 'లైఫ్‌టైమ్', మార్చనక్కర్లేదు.

ఎవరి లైఫ్‌టైమ్ అన్నది అడగాల్సిన మాట. బీఎమ్‌డబ్ల్యూ, ఆడి, జాగ్వార్, రేంజ్ రోవర్ మోడళ్లలో చాలావాటికి ఉన్న 8 గేర్ల ఆటోమేటిక్ చేసేది జెడ్‌ఎఫ్. నడిపే తీరును బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదంటే 8 ఏళ్లకు ఆయిల్ మార్చమని ఆ జెడ్‌ఎఫ్ కంపెనీయే చెబుతోంది. తయారుచేసినవాడి మాట కన్నా కారు మీద బ్యాడ్జీ వేసినవాడి మాట ఎక్కువెలా అవుతుందో నాకైతే అర్థం కాదు.

ఇది డ్రెయిన్ చేసి మళ్లీ పోసేసే పని మాత్రం కాదు. ఈ గేర్‌బాక్సుల్లో చాలావాటికి ఫిల్టరూ కింది ప్లాస్టిక్ పాన్‌ కలిసి ఒకటే ముక్క, మొత్తం మార్చాలి. ఆయిల్ ఎంతుందో ముంచి చూసే కడ్డీ, డిప్‌స్టిక్, ఉండదు. ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ నిర్ణీత వేడిలో ఉన్నప్పుడు స్కానర్‌లో ఆ వేడి చూసుకుంటూ లెవెల్ సరిచేయాలి. ఈ ఓపిక లేని చోట చేయించకపోవడమే మేలు. ఇంకో మాట, గేర్లు ఇప్పటికే జారుతుంటే కొత్త ఆయిల్ మందు కాదు.

అపోహ: తక్కువ తిరిగింది కాబట్టి బెంగ లేదు.

నేను జంకేది ఇలాంటి బండ్లకే. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది, నిలబడి ఉన్న బండిలో కూడా. అందుకే దానికి కిలోమీటర్లతో పనిలేదు, చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. టైరు పక్కన తయారీ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి: 3518 అంటే 2018లో 35వ వారం. టైరు మీది గాట్లు బాగున్నా రబ్బరు ముసలిదైపోతుంది. డీజిల్ బండి రోజూ నాలుగు కిలోమీటర్లే తిరిగితే పొగలోని మసిని పట్టే పార్టిక్యులేట్ ఫిల్టర్‌లో ఆ మసి కాలేంత వేడి ఎప్పటికీ రాదు.

సన్‌రూఫ్ ఉంటే దాని మూలల్లో నీళ్లు పోయే సన్నటి గొట్టాలుంటాయి. చెట్టు కింద నిలబెట్టిన బండిలో ఆకులు అడ్డుపడి, వాన నీరు కార్పెట్ కిందకి చేరి, సీటు కిందో డిక్కీలోనో ఉన్న కంట్రోల్ మాడ్యూల్‌ను ముంచుతుంది. చేసిందేమో ఎండుటాకు, నింద మాత్రం 'ఈ కంపెనీ ఎలక్ట్రికల్స్ చెత్త' అని.

అపోహ: స్కానర్ చూపించిన పార్టు మార్చేస్తే సరి.

స్కానర్ చూపే ఫాల్ట్ కోడ్ జ్వరం లాంటిది, జబ్బు పేరు కాదు. మిశ్రమంలో గాలి ఎక్కువైందని కోడ్ వస్తే రెండుసార్లు ఆక్సిజన్ సెన్సర్ మార్పించుకుని మా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. తీరా చూస్తే చిరిగింది ఇంజిన్ లోపలి ఆవిరిని బయటికి లాగే ఒక బ్రీతర్ గొట్టం, ఆ చిరుగులోంచే అదనపు గాలి దూరింది.

ఉక్కు స్ప్రింగుల బదులు గాలి తిత్తులు బండిని మోసే ఎయిర్ సస్పెన్షన్‌దీ ఇదే కథ. వాటికి గాలి కొట్టే కంప్రెసర్ కాలిపోయిందని కొత్తది వేస్తారు. అది కాలింది ఎయిర్ స్ప్రింగ్ లీకైతే రోజంతా గాలి కొట్టీ కొట్టీ. లీకు అలాగే ఉంటే కొత్తదీ అదే దారి పడుతుంది. రాత్రి సమానమైన నేల మీద బండి నిలిపి, పొద్దున స్టార్ట్ చేయకముందే ఏ మూల కుంగిందో చూడండి. తర్వాత ఆ మూల సబ్బు నీళ్లు చల్లితే చాలు, లీకున్న చోట బుడగలొస్తాయి.

షెడ్డు ఎంచుకునేటప్పుడు ఏ డయాగ్నోస్టిక్స్ వాడతారో అడగండి. బీఎమ్‌డబ్ల్యూకి ఇస్టా, మెర్సిడెస్‌కి జెంట్రీ, ఆడికి ఓడిస్ అనేవి ఆయా కంపెనీల సొంత సాఫ్ట్‌వేర్లు. మామూలు ఓబీడీ రీడర్ ప్రధానంగా ఇంజిన్ కోడ్‌లే చదువుతుంది.

అపోహ: విడిభాగాలు కంపెనీ డబ్బాలోవే వేయాలి.

సస్పెన్షన్ ఆర్మ్‌లు లెమ్‌ఫోర్డర్, షాక్ అబ్జార్బర్లు సాక్స్ లేదా బిల్‌స్టీన్, సెన్సర్లు బాష్, ఫిల్టర్లు మాన్ లేదా మాలే... కార్ల కంపెనీలకు సరఫరా చేసేది చాలావరకు ఇలాంటివాళ్లే. అదే ముక్క, లోగో చెరిపేసి వాళ్ల సొంత డబ్బాలో దొరుకుతుంది. నేను పట్టుబట్టేది ఇంజిన్ ఆయిల్ దగ్గర. చిక్కదనం గ్రేడు 5డబ్ల్యూ-30 అని ఉంటే సరిపోదు, డబ్బా వెనక మీ బండి అడిగే అప్రూవల్ ఉండాలి: మెర్సిడెస్ 229.51, బీఎమ్‌డబ్ల్యూ లాంగ్‌లైఫ్-04, ఫోక్స్‌వాగన్ 507.00 లాంటివి.

అపోహ: సెకండ్ హ్యాండ్‌లో సగం ధరకే వచ్చింది, మెయింటెనెన్సూ అలాగే తగ్గుతుంది.

తగ్గదు. బండి ధర పడిపోతుంది, దాని హెడ్‌లైట్ ధర పడిపోదు.

అపోహ: వారంటీ అయ్యాక కంపెనీకీ మనకీ సంబంధం లేదు.

లోపం బయటపడితే కంపెనీయే బండ్లను వెనక్కి పిలిచి సరిచేసే భద్రతా రీకాల్‌కీ వారంటీకీ లంకె లేదు. టకాటా కంపెనీ చేసిన లోపమున్న ఎయిర్‌బ్యాగ్‌ల రీకాల్‌లో వారంటీ ఎప్పుడో దాటిన పాత బీఎమ్‌డబ్ల్యూలు, మెర్సిడెస్‌లూ ఉన్నాయి. మీ బండికి రీకాల్ ఉందేమో ఛాసిస్ నంబరుతో ఏడాదికోసారి చూసుకోండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకునేవాళ్లు మాత్రం ఏవి కవర్ అవుతాయో కన్నా ఏవి కావో రాసిన పేజీ ముందు చదవండి. అరుగుదల, గాస్కెట్లు, ఆయిల్ చెమ్మ చాలాసార్లు ఆ పేజీలోనే ఉంటాయి.

ఇక అమ్మాలా ఉంచాలా అంటే, వారంటీకి ఇంకా నెల ఉండగానే బండిని లిఫ్ట్ ఎక్కించి చూడకుండా నేను చెప్పను. మీరూ పక్కన ఉండండి. ఇంజిన్ కింద ఉండే ప్లాస్టిక్ కవర్ విప్పించండి. చెమ్మ నేల మీద పడకుండా ఆ కవర్ మీదే ఆగిపోతుంది, అందుకే మీకు ఇన్నాళ్లూ కనబడలేదు. తడి కనిపిస్తే ఫొటో తీసి, వారంటీ బతికుండగానే జాబ్ కార్డులో రాయించండి.