5 గిగాహెర్ట్జ్‌కి అడ్డం పడిందెవరు?

రోహిణి కార్తె మధ్యాహ్నం విజయవాడ నుంచి మా మేనల్లుడి ఫోను. వాడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాడు. మూడు రోజుల పెళ్లిని మూడు గంటలకు కుదించి పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇవ్వడం వాడి పని. రెండర్ (ఎడిట్ చేసినదాన్ని చివరి వీడియోగా తయారుచేయడం) ఎంత త్వరగా అయితే బాకీ అంత త్వరగా వసూలవుతుంది. అందుకే ఓవర్‌క్లాకింగ్ మీద, అంటే ప్రాసెసర్‌ని కంపెనీ చెప్పిన వేగం కంటే ఎక్కువగా పరుగెత్తించడం మీద పడ్డాడు.

“మావయ్యా, ప్రాసెసర్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి పెట్టా. ఇదేమో 800 మెగాహెర్ట్జ్ అంటోంది. వోల్టేజీ ఇంకాస్త పెంచమంటారా?”

“దాని జోలికెళ్లకు. ముందు ఒక రెండర్ పెట్టి, అప్పుడెంత చూపిస్తోందో చెప్పు.”

రెండర్ మొదలెట్టగానే 4.7 అన్నాడు. ఇంట్లోవాళ్ల బాగోగులు అడిగి ముగించేలోపే 4.1కి దిగిపోయింది. 5 అన్న అంకె మాత్రం ఎక్కడా కనబడలేదు.

800, 4.7, 4.1. మూడింటికీ కారణాలు వేరు. వాటిలో ఒక్కటి కూడా చిప్పు పాడవడం కాదు. ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసర్ నెమ్మదించిందంటే చాలామటుకు అది చేతకాక కాదు, ఎవరో ఆగమంటే ఆగుతోంది. ఆగమన్నదెవరో తేలకుండా బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగులుండే చోట) ఏ అంకె మార్చినా చీకట్లో రాయి విసిరినట్టే.

వాడిది ఇంటెల్ ఐ7-8700కె. 2017లో వచ్చిన ఆరు కోర్ల చిప్పు. మదర్‌బోర్డు 100 మెగాహెర్ట్జ్‌లో, అంటే సెకనుకు పది కోట్ల సార్లు, తాళం వేస్తుంటుంది. ప్రాసెసర్ ఆ లయను తన గుణకంతో హెచ్చించుకుంటుంది. గుణకం 50 అయితే 5 గిగాహెర్ట్జ్. పేరు చివరి ‘కె’ ఆ గుణకానికి తాళం వేయలేదని చెబుతుంది (ఇది వేరే తాళం). 1998లో వచ్చిన సెలెరాన్ 300ఎ కి గుణకం 4.5 దగ్గర బిగించేసి ఉండేది. కుర్రాళ్లు ఊరుకున్నారా? గుణకాన్ని వదిలేసి మదర్‌బోర్డు తాళాన్నే 66 నుంచి 100కి పెంచి, 300 మెగాహెర్ట్జ్ చిప్పుని 450తో పరుగెత్తించారు. అప్పట్లో పరుగు ఎక్కువైతే కంప్యూటర్ బిగుసుకుపోయేది, అంతే. వేడెక్కితే తనంతట తాను వేగం తగ్గించుకునే తెలివి ఇంటెల్ చిప్పులకు 2000లో పెంటియం 4తో వచ్చింది. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు కాపలాదారులు చేరుతూనే ఉన్నారు.

800 సంగతి ముందు తేల్చేద్దాం. పని లేనప్పుడు చిప్పు గుణకాన్ని 8కి దించుకుని కునుకు తీస్తుంది. మౌస్ కదలని కంప్యూటర్‌లో 800 కనబడటం జబ్బు కాదు, ఆరోగ్యం. పని మీద ఉండగా కూడా 800 దగ్గరే కొయ్యబారితే అప్పుడు అనుమానించాలి. చిప్పు వేడెక్కకపోయినా ‘ఆపు’ అనే సంకేతం బయటి నుంచి రావచ్చు. బోర్డు మీది కరెంటు సరఫరా భాగాలు కాలిపోతున్నా, ల్యాప్‌టాప్ తన చార్జర్‌ని గుర్తుపట్టకపోయినా ఇలా జరుగుతుంది. విండోస్ పవర్ సెట్టింగుల్లో ప్రాసెసర్ గరిష్ఠ పరిమితి 99 శాతం అని ఉంటే టర్బో, అంటే పని పడ్డప్పుడు మామూలు వేగాన్ని దాటే వీలు, మొత్తం మూతపడుతుంది. ఒక్క శాతమేగా అనుకుంటాం!

ఇక 4.7. ఏవీఎక్స్ అనే ఆదేశాలు ఒక్క దెబ్బకు ఎనిమిదేసి అంకెల మీద లెక్కలు చేస్తాయి. వీడియో ఎన్‌కోడర్లకు ఇవంటే ప్రాణం. అంత పని ఒక్కసారిగా జరిగితే వేడీ అంతే. అందుకని అవి వచ్చినప్పుడు గుణకాన్ని ఇంత తగ్గించుకో అని బయోస్‌లో చెప్పే వీలుంది. మావాడు యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని అక్కడ 3 పెట్టి మరిచిపోయాడు. 50లోంచి 3 పోతే 47. వాడి కంప్యూటర్ వాడి మాటే వింది.

అసలు చిక్కు 4.1తో. ఈ చిప్పుకి ఇంటెల్ రాసిచ్చిన విద్యుత్ పద్దు 95 వాట్లు. కాసేపు దాన్ని దాటి ఖర్చుపెట్టుకోవచ్చు, గడువు తీరాక మళ్లీ పద్దులోకి రావాలి. తర్వాత వచ్చిన ఐ9-10900కె ని చూస్తే ఈ ఏర్పాటు ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది: 250 వాట్ల దాకా 56 సెకన్లు, ఆ పైన 125. చాలా మదర్‌బోర్డులు ఓవర్‌క్లాక్ చేసేవాళ్ల కోసం ఈ పద్దును చూసీచూడనట్టు వదిలేస్తాయి, కొన్ని తు.చ. తప్పకుండా పాటిస్తాయి. ఉష్ణోగ్రత ఎంతుందిరా అంటే 78 అన్నాడు. ఈ చిప్పు 100 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది, కాబట్టి ఆపింది వేడి కాదు. విద్యుత్ వాడకం గోడ కట్టినట్టు సరిగ్గా అదే 95 వాట్ల దగ్గర నిలిచింది, అంటే పద్దే. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో వేగం ఎందుకు తగ్గిందో కారణం వారీగా ‘అవును, కాదు’ అని కనిపించే వరుసలుంటాయి. అందులోనూ అదే తేలింది. మొన్న బయోస్ అప్‌డేట్ చేశాడట. దాంతో సెట్టింగులన్నీ పుట్టింటికి వెళ్లిపోయాయి. గుణకాన్ని మళ్లీ తెచ్చుకున్నాడు గానీ పద్దు సంగతి గుర్తులేదు.

పద్దు ఎత్తేశాడు. 4.7 నిలిచింది. రెండు నిమిషాలు. తర్వాత ఉష్ణోగ్రత 100 తాకింది, వేగం 4.4కి పడింది, చల్లబడగానే 4.7కి లేచింది, మళ్లీ పడింది. గ్రాఫు రంపపు పళ్లలా తయారైంది. వేడి ఆపినప్పుడు కనబడే ఆకారం ఇదే.

“సంక్రాంతికి ఇదే రెండర్‌కి 88 దాటలేదు మావయ్యా!”

సంక్రాంతికి వాడి గది 24 డిగ్రీలు, ఇప్పుడు 38. కూలర్ చేసే పనల్లా చిప్పు వేడిని గదిలోని గాలికి అప్పజెప్పడం. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్పు కనీసం అన్ని డిగ్రీలూ పెరుగుతుంది. 88కి 14 కలిపితే 102. బెజవాడ ఎండని ఏ ఫ్యానూ మోసం చేయలేదు. పైగా ఈ చిప్పు సిలికాన్‌కీ దాని లోహపు మూతకీ మధ్య ఇంటెల్ టంకం వేయకుండా మామూలు థర్మల్ పేస్టు పూసింది. వేడి అక్కడే కొంత చిక్కుకుంటుంది. కొందరు మూత ఊడదీసి ద్రవ లోహం పూస్తారు. నా మేనల్లుడి చేతి వాటం నాకు తెలుసు, కాబట్టి ఆ మాట వాడి దగ్గర ఎత్తలేదు.

ఇప్పుడు వాడి మొదటి ప్రశ్నకు వద్దాం, వోల్టేజీ పెంచనా అని. చిప్పు తినే విద్యుత్తు వేగంతో నేరుగా పెరుగుతుంది, వోల్టేజీతో మాత్రం వర్గం లెక్కన పెరుగుతుంది. 1.15 వోల్టుల దగ్గర 4.3 నడిచే చిప్పుని 1.35 వోల్టులిచ్చి 5కి తీసుకెళ్లామనుకోండి. వేగం పెరిగింది 16 శాతం, వేడి పెరిగింది 60 శాతం. వేడి వల్ల నెమ్మదించిన చిప్పుకి ఇంకాస్త వోల్టేజీ ఇస్తే ఇంకాస్త నెమ్మదిస్తుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

అలాగని వోల్టేజీ మరీ తగ్గించినా తంటానే, అందులోనూ కొన్ని ఏఎండీ రైజెన్ చిప్పుల్లో అది కనబడని తంటా. సరిపడా వోల్టేజీ అందకపోతే అవి హ్యాంగ్ అవ్వవు. తాళం మధ్య వ్యవధిని సాగదీసుకుని నెట్టుకొస్తాయి. తెరమీద మాత్రం పెద్ద అంకే కనబడుతుంటుంది. అందుకే నిజంగా నడిచిన వేగాన్ని చెప్పే ‘ఎఫెక్టివ్ క్లాక్’ అనే వేరే లెక్క పుట్టింది. నన్నడిగితే అన్నిటికంటే నమ్మదగింది గోడ గడియారం. ఒకే క్లిప్పుని రెండుసార్లు రెండర్ చేసి ఏది ముందు ముగిసిందో చూస్తే గిగాహెర్ట్జ్‌ల గొడవే ఉండదు.

మేం చివరికి చేసిందీ అదే. ఒక్కో మార్పు, ఒక్కో రెండర్. మొదట కూలర్ రెక్కల్లోని దుమ్ము దులిపించాను. తర్వాత గుణకం 48, ఏవీఎక్స్‌కి 2 తగ్గింపు. ఆపైన 1.35గా ఉన్న వోల్టేజీని మెట్టు మెట్టుగా దించుతూ 1.28 దగ్గర ఆగాం. ఈ చివరి మార్పు ఒక్కదానితోనే వేడి పదో వంతు తగ్గుతుంది. రెండర్‌లో 4.6 గీత గీసినట్టు నిలబడింది, 100 తాకలేదు. 4.7కీ 4.4కీ మధ్య ఊగిసలాడిన పాత సెట్టింగు కంటే అదే క్లిప్పు ముందు ముగిసింది.

అయినా వాడికి 5 మీద మనసు చావలేదు. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాక మళ్లీ ప్రయత్నిద్దాంలే అన్నాను.

“అప్పటికి ఆషాఢం వచ్చేస్తుంది మావయ్యా. రెండర్ చేయడానికి పెళ్లిళ్లెక్కడివి?”